రోమా పాప సాహసకథ రాస్తుంటే ఎదురైన అపోహలు

పిల్లల కోసం ఫాంటసీ కథలు రాస్తాను. ఇప్పుడు రాస్తున్నది ఒక రోమా పాప సాహసం. రోమాలంటే ఐరోపాలో జిప్సీలని పిలిచే జనం. ఆ మాట చెప్పగానే చాలామంది రంగుల బండి, గాజు గోళం, పేకముక్కలు ఉంటాయా అని అడుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: జిప్సీలు ఈజిప్టు వాళ్లు.

వాస్తవం: ఆ పేరు పుట్టిందే ఆ పొరపాటు నుంచి. అందుకే చాలామంది రోమాలకు అది నచ్చదు. వాళ్ల పూర్వీకులు దాదాపు వెయ్యేళ్ల కిందట ఉత్తర భారతం నుంచి పడమటికి వెళ్లారు. రోమానీ భాషలో నీళ్లు పానీ, ముక్కు నాక్, చెవి కాన్. అంకెలైతే నాకు మరీ ఇష్టం. యెక్, దుయ్, త్రిన్, ష్తార్, పాంజ్, షోవ్... ఆరు దాకా మన దేశపు మాటలే. ఏడు, ఎనిమిది, తొమ్మిది మాత్రం గ్రీకువి: ఎఫ్తా, ఓఖ్తో, ఎన్యా. పది మళ్లీ మనదే, దెష్. బాటను ద్రోమ్ అంటారు, అదీ గ్రీకే. నడిచిన దారంతా నోట్లోనే ఉంది! నా కథలో పాప మూసిన తలుపు ముందు నిలబడి అంకెలు చెబుతుంది. ఏడు అనగానే తలుపు కదులుతుంది. మంత్రం కల్పించాల్సిన పనే పడలేదు.

అపోహ: మాయలు, జోస్యం వాళ్ల రక్తంలోనే ఉన్నాయి.

వాస్తవం: జోస్యం కొందరికి బతుకుతెరువు, అంతే. రోమాల్లోనే ఎన్నో తెగలు. లొవారీలు గుర్రాల వ్యాపారులు. కల్దెరాష్‌లు రాగి పనివాళ్లు. ఆ పేరే రుమేనియా భాషలో కాగు అనే మాట నుంచి వచ్చింది. జాతి మొత్తానికీ మంత్రశక్తి అంటగడితే, "శాపం పెడతారు, పిల్లల్ని ఎత్తుకుపోతారు" అనే పాత భయానికి మనమే ఊపిరి పోసినట్టు. ఆ భయంతో నిజంగా మనుషుల్ని కొట్టారు. అందుకే నా కథలో మాయ పాప పుట్టుకలో లేదు, తాత సుత్తితో మలిచిన రాగి కాగులో ఉంది.

అపోహ: ఎప్పుడూ బండ్లలో తిరుగుతుంటారు.

వాస్తవం: ఐరోపా రోమాల్లో ఎక్కువమంది ఇళ్లలోనే ఉంటారు. మనం బొమ్మల్లో చూసే చెక్కబండి 19వ శతాబ్దపు బ్రిటన్‌ది. ఇప్పటి రుమేనియా ప్రాంతంలోని వలాకియా, మోల్దావియా రాజ్యాల్లోనైతే 1850ల దాకా వాళ్లను బానిసలుగా ఉంచారు. మిగతా చోట్ల ఊళ్ల నుంచి తరిమేస్తే తిరగక ఏం చేస్తారు?

అపోహ: మన లంబాడీలూ వాళ్లూ ఒకటే.

వాస్తవం: రెండు భాషలూ ఇండో-ఆర్యన్ కుటుంబానివే. చరిత్రలు మాత్రం వేరు. యెక్, దుయ్, త్రిన్ అంటే తండాలో పిల్లలు గుర్తుపట్టవచ్చు. ఎఫ్తా అంటే మాత్రం, అదేంటని అడుగుతారు.