డబ్బాలో 64 యాంటెనాలుంటే 64 రెట్లు రేడియేషనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

టవర్ మీద 5జీ ప్యానెల్, అంటే యాంటెనాల డబ్బా, ఎక్కించిన ప్రతి ఊళ్లోనూ ఒకటే ప్రశ్న. "ఇందులో 64 యాంటెనాలున్నాయంట గదా, అంటే 64 రెట్లు రేడియేషనే గదా?" ఏ వాట్సాప్ గ్రూపులో పుట్టిందో తెలీదు గానీ విజయనగరం పక్క ఊళ్లలోనూ ఇదే, ఇచ్ఛాపురం వైపూ ఇదే. పలాస దాటి సోంపేట, కవిటి వైపు వెళ్లేసరికి దీనికి ఇంకో తోక కూడా అతుక్కుంది: ఆ ఊళ్లున్న ఉద్దానం ప్రాంతంలో జనం కిడ్నీలు పాడయ్యేది ఈ టవర్ల వల్లేనట. సెక్టార్లు (టవర్ మీద ఒక్కో ప్యానెల్ చూసుకునే దిక్కులు) ట్యూన్ చేసుకునే నాలాంటి ఆర్ఎఫ్ (రేడియో సిగ్నళ్ల) ఇంజనీరుకి కిడ్నీల గొడవ ఎందుకంటారా, ఆ సంగతికి వస్తాను, ముందు డబ్బా లెక్క తేలుద్దాం.

అపోహ: యాంటెనాలు ఎన్నుంటే రేడియేషన్ అన్ని రెట్లు.

వాస్తవం: యాంటెనాలు పవర్‌ని పుట్టించవు, ఉన్నదాన్ని పంచుకుంటాయి. పాత 4జీ రేడియోలో ఒక్కో పోర్టుకి (యాంటెనాకి పవర్ వెళ్లే దారికి) 40 వాట్ల దాకా ఇచ్చేవాళ్లం, అలాంటివి నాలుగు ఉండేవి. కొత్త 64 చానళ్ల (అవే ఆ 64 యాంటెనాలు) ప్యానెల్‌లో ఒక్కో చానల్‌కి వచ్చేది 3 నుంచి 5 వాట్లే. మొత్తం కలిపితే పాతదానికంటే కొంత ఎక్కువే, కానీ 64 రెట్లు ఎక్కడ? 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, అందులో సగం ఎడంతో చిన్నచిన్న యాంటెనాలు వరసగా పేర్చొచ్చు కాబట్టే అన్ని ఒక్క డబ్బాలో పట్టాయి. 700 మెగాహెర్ట్జ్‌లో తరంగం 43 సెంటీమీటర్లు, అక్కడ ఇదే పని చేయాలంటే డబ్బా తలుపంత కాదు, గోడంత కావాలి.

మరి అన్నెందుకు? కళింగపట్నం ఒడ్డున పెద్దవల లాగడం చూసే ఉంటారు, అందరూ ఒకే ఊపులో లాగితేనే వల కదులుతుంది, ఎవరి ఊపు వాళ్లదైతే ఉన్నచోటే ఉంటుంది. తరంగాలూ అంతే. ఒక్కో యాంటెనాకి ఇచ్చే ఫేజ్ (తరంగం ఊపు మొదలయ్యే క్షణం) మార్చి, ఫోన్ ఉన్నవైపు అన్నీ ఒకే ఊపులో కలిసేలా, మిగతా వైపుల ఒకదాన్నొకటి చంపుకునేలా చేస్తాం. అదే బీమ్. అడిగినవాడికి డేటా ఇచ్చి, మిల్లీసెకన్లలో ఇంకొకరి మీదికి తిరిగిపోతుంది. ఎవరూ వాడని అర్ధరాత్రి ప్యానెల్ దాదాపు ఖాళీయే, నేనున్నానని అప్పుడప్పుడూ ఒక పలకరింపు సిగ్నల్ తప్ప.

లెక్క కావాలా? ప్యానెల్ పవర్ 200 వాట్లు, గెయిన్ (పవర్‌ని ఒకవైపే పోగేసే శక్తి) 24 డీబీఐ, అంటే బీమ్ దిక్కులో సుమారు 250 రెట్లు. ఆ మొత్తం ఒకే బీమ్‌లో పెట్టి, కదలనివ్వకుండా, 100 మీటర్ల దూరంలో సరిగ్గా మీ మీదే పట్టి ఉంచామనుకోండి, నిజంగా అలా ఎప్పుడూ జరగదు, అయినా చదరపు మీటరుకి వచ్చేది 0.4 వాట్లు. జనం కోసం ఐసీఎన్ఐఆర్పీ అనే అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంస్థ పెట్టిన పరిమితి చదరపు మీటరుకి 10 వాట్లు. 2012లో మన దేశం దాన్ని పదో వంతుకి, అంటే 1 వాట్‌కి కుదించింది, ఆ లెక్కన చూసినా లోపలే ఉంటుంది. టవర్ కింద ఇల్లున్నవాళ్లే ఎక్కువ భయపడతారు గానీ బీమ్ దూరానికి చూస్తుంది, సరిగ్గా కింద పడేది చాలా తక్కువ.

అలాగని దాని ముందు నిలబడినా ఏమీ కాదని చెప్పను. ప్యానెల్‌కి ఎదురుగా, అదే ఎత్తులో, 20 మీటర్ల లోపు ఆ 10 వాట్లు దాటే అవకాశం ఉంది. అందుకే రిగ్గర్ (టవర్ మీద పనిచేసే మనిషి) ఎక్కే ముందు సెక్టార్ ఆపిస్తాం. మీ మేడ పక్కనే, మీ ఎత్తులోనే ప్యానెల్ మీకేసి చూస్తుంటే గట్టిగా అడగండి. తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ దగ్గరి టవర్లు చూసుకోవచ్చు, 4000 రూపాయలు కడితే టెలికం శాఖ వాళ్లే వచ్చి కొలుస్తారు. అనుమానం ఉన్నవాళ్లని నేనెప్పుడూ వెక్కిరించను. చూసీ చూడకుండా ఫార్వర్డ్ చేసేవాళ్లంటేనే ఒళ్లు మండుతుంది.

ఇక కిడ్నీలు. కంచిలి దగ్గర ఒక తోటలో డ్రైవ్ టెస్ట్ (తిరుగుతూ సిగ్నల్ కొలవడం) చేస్తుంటే ఒక పెద్దావిడ వచ్చి, "బాబూ, ఈ డబ్బా ఎట్టినకాడినుంచి మా కొబ్బరి పిందెలు రాలిపోతన్నాయి, మా ఆయనకి కాళ్లు వాచిపోతన్నాయి, ఏటిది?" అంది. కొబ్బరి సంగతి చెట్టే చెప్పింది, ఆకుల అడుగున తెల్లటి చుట్టలు, పైన నల్లటి మసి, తెల్లదోమ. ఆయన సంగతి అడిగితే రక్తపరీక్షే చేయించలేదు. టవర్ తీసేస్తే తగ్గిపోతుందని ఊళ్లో ఎవరో చెప్పారట, దానికోసం చూస్తున్నారు.

ఇదీ నా గొడవ. ఉద్దానం జబ్బు ఈ ప్యానెళ్లు రాకముందు నుంచీ ఉంది, ఇవి ఇక్కడికి వచ్చిందే 2022 అక్టోబరులో దేశంలో 5జీ మొదలయ్యాక. జబ్బుకి కారణం ఇంకా కచ్చితంగా తేలలేదు, నిజమే, ఆ ఖాళీలోనే ఇలాంటి పుకార్లు పుడతాయి. కానీ కిడ్నీ చాలాకాలం బయటపడకుండా పాడవుతుంది, సీరం క్రియాటినిన్ అనే రక్తపరీక్ష లాంటివి చేయిస్తేనే తెలుస్తుంది. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ రీసెర్చ్ సెంటర్ 2023 డిసెంబరులో మొదలయ్యాయి. టవర్ మీద అర్జీ రాయడానికి పోయే పూట అక్కడికి వెళ్లండి. అర్జీ రేపు రాసుకోవచ్చు.

పైగా టవర్ తీయిస్తే ఏమవుతుంది? సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట మీ ఫోనే గొంతు పెంచుతుంది. దాని గరిష్ఠం సాధారణంగా 200 మిల్లీవాట్లే గానీ అది మీ చెవికి ఆనుకుని ఉంటుంది. దగ్గర్లో టవరుంటే ఆ పవర్ వెయ్యో వంతుకి కూడా తగ్గొచ్చు. తిత్లీ తుపానప్పుడు ఫోన్లు మూగబోతే ఎలా ఉందో ఇక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

మిగతావి గబగబా. కరోనా 5జీ వల్ల రాలేదు, 5జీ లేని చోటా వచ్చింది. ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండా ఉన్నా స్పీడ్ రాకపోవచ్చు, సెక్టార్‌లో జనం ఎక్కువైతే అంతే. ఆన్‌లైన్‌లో కొన్న సిగ్నల్ బూస్టర్ మీ ఇంట్లో గీతలు పెంచి ఊరందరి అప్‌లింక్‌నీ (ఫోన్ నుంచి టవర్‌కి వెళ్లే సిగ్నల్‌ని) చెడగొడుతుంది, పైగా చట్టవిరుద్ధం. "మీ స్థలంలో టవర్ పెడతాం, ముందు ట్రాయ్ ఫీజు కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేయండి, టెలికం నియంత్రణ సంస్థ అయిన ట్రాయ్ అలాంటి ఫీజులు వసూలు చేయదు.