క్రెడిట్లు లేని క్లాసులు: అమెరికా కాలేజీల్లో ఒక పాత సమస్య

2018కి ముందు కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో, చేరే కుర్రాడు ముందుగా ఏ స్థాయి క్లాసులో వేయాలో తేల్చే ఒక ప్లేస్‌మెంట్ టెస్టు రాసేవాడు. ఆ టెస్టు తన రెండేళ్లను నిర్ణయిస్తుందని చాలామందికి తెలిసేది కాదు. భిన్నాలు, బీజగణితం మరిచిపోయి ఉంటే కాలేజీ లెక్కలకు మూడు నాలుగు మెట్లు కింద ఉన్న క్లాసులో పడేవాడు. ఆ క్లాసులకు వెళ్లాలి, హోంవర్క్ చేయాలి, పాసవ్వాలి. డిగ్రీకి మాత్రం ఒక్క క్రెడిట్ కూడా కలవదు.

మన బి.ఫార్మసీ మొదటి సెమిస్టర్‌లో బైపీసీ వాళ్లకు రెమీడియల్ మ్యాథ్స్ ఉంటుంది. ఇంటర్‌లో చదవని సబ్జెక్టు కాబట్టి ఒక సెమిస్టర్‌లో నేర్పేసి ముందుకు పంపుతారు. అమెరికాలో అలా కాదు. బడిలో చదివిన సబ్జెక్టునే మళ్లీ కింది నుంచి చదివించేవారు.

ఇది నిన్న మొన్నటి సమస్య అనుకుంటే పొరపాటు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం 1849లో తలుపులు తెరిచినప్పుడు ముందు మొదలైంది ప్రిపరేటరీ క్లాసే. కాలేజీ పాఠం అందుకోగలిగే పిల్లలు చాలినంతమంది దొరకలేదు. హార్వర్డ్ 1874లో ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు వ్యాసం పెట్టింది. 1879లో అది రాసినవారిలో సుమారు సగం మంది తప్పారు. వాళ్లు పేదపిల్లలు కారు, పేరున్న బడుల నుంచి వచ్చినవాళ్లే. 'ఈ తరానికి రాయడం రాదు' అన్న ఫిర్యాదు అప్పటి నుంచి ఆగలేదు. పేర్లు మాత్రం మారాయి: మొదట ప్రిపరేటరీ, తర్వాత రెమీడియల్, 1970ల నుంచి డెవలప్‌మెంటల్. రెమీడియల్ అంటే చదువుకునే మనిషిని రోగిలా చూసే మాట. దాన్ని వదిలేయడం మంచిదే, కానీ పేరు మారినంత త్వరగా క్లాసు మారలేదు.

ఈ చరిత్రకు అసలు మలుపు న్యూయార్క్‌లో వచ్చింది. 1969 ఏప్రిల్‌లో సిటీ కాలేజీలో నల్లజాతి, ప్యూర్టోరికన్ విద్యార్థులు క్యాంపస్‌లో సగాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. నల్లజాతివారు ఎక్కువగా ఉండే హార్లెమ్ పేట నడిబొడ్డున ఉన్న కాలేజీలో హార్లెమ్ పిల్లలు ఎందుకు లేరని వాళ్ల ప్రశ్న. ఫలితంగా 1970 నుంచి నగరంలో హైస్కూలు పూర్తిచేసిన ప్రతి ఒక్కరికీ, సిటీ కాలేజీ కూడా భాగమైన సిటీ యూనివర్సిటీలో ఏదో ఒక కాలేజీలో సీటు ఇచ్చారు. మొదటి సంవత్సరంలో చేరినవారు 20 వేల నుంచి ఒక్కసారిగా 35 వేలకు చేరారు. అప్పట్లో ఫీజు కూడా లేదు.

వచ్చినవారిలో చాలామంది అంతకుముందు ఒక పూర్తి పేజీ రాసినవాళ్లు కారు. పంతుళ్లు బెంబేలెత్తిపోయారు. ఆ సమయంలో సిటీ కాలేజీలో రైటింగ్ కార్యక్రమం నడిపిన మీనా షానెస్సీ మాత్రం పేపర్లను ఎర్రసిరాతో నింపి పక్కన పెట్టలేదు. సుమారు 4,000 వ్యాసాలు ముందేసుకుని ఏ తప్పు ఎందుకు వస్తోందో వెతికింది. ఆమె 1977లో తెచ్చిన పుస్తకం చెప్పేది ఇదీ: ఈ తప్పులు తెలివి తక్కువై రావడం లేదు, వాటి వెనక ఒక తర్కం ఉంది. వీళ్లు రాతకు కొత్తవాళ్లు, ప్రతి కొత్తవాడిలాగే తప్పులు చేస్తూ నేర్చుకుంటున్నారు. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషులో పరీక్ష రాసిన ఎవరికైనా ఇది ఇట్టే అర్థమవుతుంది. 'ఎ', 'ది' లాంటి మాటలు తెలుగులో లేవు కాబట్టే అక్కడ తడబడతాం. బుర్ర లేక కాదు.

ఆ ఓపిక ఎంతోకాలం నిలవలేదు. నగరం అప్పుల్లో కూరుకుపోయి 1976లో ఫీజులు పెట్టారు. షానెస్సీ 1978లో చనిపోయింది. 1998లో యూనివర్సిటీ ధర్మకర్తలు నాలుగేళ్ల కాలేజీల నుంచి రెమీడియల్ క్లాసులను తీసేయాలని ఓటేశారు. భారమంతా రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీల మీద పడింది.

అక్కడ ఏం జరుగుతోందో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010 ప్రాంతంలో లెక్కగట్టారు. థామస్ బెయిలీ బృందం 50కి పైగా కాలేజీల వివరాలు చూస్తే, రెమీడియల్ లెక్కలకు పంపినవారిలో ఆ క్లాసులన్నీ పూర్తిచేసినవారు 33 శాతమే. ఫెయిలైనవారి కంటే, తర్వాతి క్లాసులో అసలు చేరనివారే ఎక్కువ. దీంట్లో వింతేమీ లేదు. ఒక్కో మెట్టు దాటి తర్వాతిదాంట్లో చేరేవారు నూటికి 70 మంది అనుకుందాం. మూడు మెట్లు దాటేసరికి మిగిలేది 34 మంది. ఈలోగా ఒకరికి ఉద్యోగంలో షిఫ్ట్ మారుతుంది, ఇంకొకరి ఇంట్లో జబ్బు చేస్తుంది. ప్రతి సెమిస్టర్ చివర వదిలేయడానికి ఒక తలుపు తెరిచి ఉంచినట్టే. పైగా ప్లేస్‌మెంట్ టెస్టు చాలామందిని తప్పు క్లాసులో వేస్తోందనీ, హైస్కూలు మార్కులు అంతకంటే బాగా దారి చూపుతాయనీ అదే సంస్థలో జుడిత్ స్కాట్-క్లేటన్ చూపించారు.

ఇంతలో బాల్టిమోర్ కౌంటీ కమ్యూనిటీ కాలేజీలో పీటర్ ఆడమ్స్ 2007 నుంచి ఇంకో దారి పట్టాడు. వెనకబడిన కొద్దిమందిని నేరుగా మామూలు ఇంగ్లీషు క్లాసులోనే కూర్చోబెట్టి, అదే టీచరుతో వాళ్లకు అదనంగా ఇంకో క్లాసు పెట్టాడు. దీన్నే ఇప్పుడు కోరిక్విజిట్ అంటున్నారు. ఫ్లోరిడా 2013లో, టెక్సస్, కాలిఫోర్నియా 2017లో పాత పద్ధతిని తగ్గించే చట్టాలు తెచ్చాయి. కాలిఫోర్నియా చట్టం ఏబీ 705 ప్రకారం, విద్యార్థి ఏడాదిలోపు కాలేజీ స్థాయి ఇంగ్లీషు, లెక్కలు పూర్తిచేసే అవకాశాన్ని కాలేజీ వీలైనంత పెంచాలి. నిర్ణయానికి హైస్కూలు రికార్డు చూడాలి.

నా మట్టుకు ఇది న్యాయమైన మార్పే. కానీ ఇది బరువును దించలేదు, చోటు మార్చింది. 2024లో హార్వర్డే బీజగణితంలో వెనకబడినవారి కోసం వారానికి ఐదు రోజుల కాలిక్యులస్ క్లాసు మొదలుపెట్టింది. శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ అధ్యాపకుల నివేదిక ప్రకారం, హైస్కూలు స్థాయి లెక్కలు కూడా రాకుండా చేరినవారి సంఖ్య 2020, 2025 మధ్య దాదాపు 30 రెట్లు పెరిగింది. వారిలో చాలామందికి హైస్కూల్లో లెక్కల మార్కులు బాగానే ఉన్నాయి. ఇదే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. టెస్టు నమ్మదగింది కాదని పక్కన పెట్టి మార్కుల్ని నమ్మాం. ఇప్పుడు ఆ మార్కులే ఏం చెబుతున్నాయో తెలియని పరిస్థితి వచ్చింది.

కమ్యూనిటీ కాలేజీల్లో అదనపు క్లాసు చెప్పేవారిలో చాలామంది పార్ట్‌టైమ్ టీచర్లే. ఒకే రోజు రెండు మూడు క్యాంపస్‌లు తిరిగే వాళ్లకు, క్లాసయ్యాక పిల్లవాడితో కూర్చుని అతని తప్పు ఎక్కడ మొదలైందో వెతికే గంట జీతంలో ఉండదు. షానెస్సీ 4,000 వ్యాసాలతో చేసిన పని ఆ గంటలో జరగాల్సిందే.