గీత పడ్డ గాజు

అమెరికాలో ఇంట్లో వైన్ చేసుకునేవాళ్ళ బేస్‌మెంట్లలో, గరాజుల్లో ఎక్కువగా కనిపించే సామాను గాజు కార్‌బాయ్. పొట్ట లావుగా, మెడ సన్నగా ఉండే పెద్ద సీసా ఇది. 5 గ్యాలన్లదైతే సుమారు 19 లీటర్లు, 6 గ్యాలన్లదైతే 23 లీటర్లు పడుతుంది. పెద్దది ఖాళీగానే ఆరేడు కిలోలు తూగుతుంది. రసం నింపితే 30 కిలోలకు చేరుతుంది. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అమ్మకానికి కాకుండా చేసుకోవడానికి అక్కడి ఫెడరల్ చట్టం ఒప్పుకుంటుంది. మన తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా చేస్తే మాత్రం ఎక్సైజ్ కేసే. ఇది చదివి ఎవరూ ద్రాక్షపళ్ళ కోసం మార్కెట్‌కి బయల్దేరకండి!

ఈ సీసాల గురించి తరచూ వినిపించే మాట ఒకటుంది: ‘పదేళ్ళుగా వాడుతున్నా, ఏమీ కాలేదు.’ ఇనప బకెట్ గురించైతే ఈ ధీమాకి కొంత అర్థముంది. ఇనుము విరిగే ముందు వంగుతుంది, సొట్ట పడుతుంది, తన అవస్థ కంటికి చూపిస్తుంది. గాజు అలాంటి కబురేమీ పంపదు. పైగా ఆ పదేళ్ళలో అది బలహీనపడుతూ వచ్చి ఉండొచ్చు.

ఎందుకన్నది ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో విమానాల పరిశోధనశాలలో పనిచేసిన ఎ. ఎ. గ్రిఫిత్ 1921లో అచ్చయిన పరిశోధనలో తేల్చాడు. అణువుల మధ్య బంధాల లెక్క ప్రకారం గాజు ఎంతో గట్టిగా ఉండాలి. చేతికొచ్చే గాజు అందులో చిన్న వంతుకే విరిగిపోతుంది. ఆయన గాజుని కరిగించి పోగులు తీసి లాగి చూశాడు. ఒక మిల్లీమీటరు మందమున్న పోగు కంటే కొన్ని మైక్రాన్ల సన్నపోగు, అడ్డుకోత వైశాల్యంతో పోల్చి చూస్తే, సుమారు 20 రెట్ల బలాన్ని తట్టుకుంది. గాజు పైపొరలో కంటికి కనిపించని గీతలు, పగుళ్ళు ఉంటాయని, లాగినప్పుడు ఒత్తిడంతా వాటి కొసల దగ్గర పోగుపడుతుందని ఆయన వివరించాడు. సన్నపోగులో పెద్ద గీతకి చోటే ఉండదు. అద్దాల షాపులో కుర్రాడు పలక మీద కట్టర్‌తో ఒక్క గీత గీసి టక్కున విరిచేస్తాడే, అదే సూత్రం. కార్‌బాయ్ మీద ఆ గీతని మనం తెలియకుండా గీస్తాం. సిమెంటు నేల మీద ఇసక రేణువుల్లో జరిపినప్పుడు ఒకటి, లోపల తీగ బ్రష్షు పెట్టి తోమినప్పుడు ఇంకొకటి.

తడి కూడా దీనికి తోడవుతుంది. లాగుడు బలం మీదున్న పగులు కొస దగ్గరికి నీటి అణువు చేరితే సిలికాన్–ఆక్సిజన్ బంధం తేలిగ్గా తెగుతుంది. పగులు నెమ్మదిగా ముందుకి పాకుతుంది. నిండుగా కదలకుండా ఉన్న సీసా, ఎవరూ ముట్టుకోకుండానే ఓ రోజు బీటలు వారడానికి ఇదొక కారణం.

ఇక వేడి. కార్‌బాయ్‌లు సాధారణంగా సోడా-లైమ్ గాజుతో చేస్తారు, అంటే కిటికీ అద్దాల జాతి. వేడికి ఇది ల్యాబుల్లో వాడే బోరోసిలికేట్ గాజు కంటే దాదాపు మూడింతలు వ్యాకోచిస్తుంది. చల్లటి సీసాలో సలసలకాగే నీళ్ళు పోస్తే లోపలి పొర సాగాలని చూస్తుంది, బయటి పొర ఇంకా చల్లగానే ఉంటుంది. రెండింటికీ తేడా 50 డిగ్రీలుంటే చాలు, గీతలు పడ్డ గాజుని పగలగొట్టేంత ఒత్తిడి పుట్టవచ్చు. వేడి సీసాని చల్లటి గ్రానైట్ గట్టు మీద పెట్టినా అంతే. కడగడానికి గోరువెచ్చటి నీళ్ళు, సోడియం పెర్‌కార్బొనేట్ పొడి, రాత్రంతా నానడం చాలు. మరిగే నీళ్ళతో పనేలేదు.

గ్యాస్ సంగతి చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. లీటరుకి 220 గ్రాముల చక్కెరున్న ద్రాక్షరసం 20 లీటర్లు పూర్తిగా పులిస్తే, గది ఉష్ణోగ్రత దగ్గర వెయ్యి లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అదంతా పోవాల్సింది బిరడాలో గుచ్చిన ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ని వదిలి, బయటి గాలిని రానివ్వని అమరిక) సన్నగొట్టం గుండానే. పండ్ల తొక్కో గుజ్జో అక్కడ అడ్డుపడితే, అదృష్టం బావుంటే బిరడా ఎగిరి సీలింగ్‌కి ఎర్రరంగు పడుతుంది. బిరడా బిగుసుకుపోతే సీసాయే పేలవచ్చు. కార్‌బాయ్ ఒత్తిడి కోసం చేసిన పాత్ర కాదు. షాంపేన్ సీసాని అంత మందంగా పోసేది ఆరు అట్మాస్ఫియర్ల ఒత్తిడికి తట్టుకోవాలనే, అయినా 19వ శతాబ్దంలో ఫ్రాన్స్ నేలమాళిగల్లో సీసాలు పేలుతుంటే పనివాళ్ళు ఇనప ముసుగులు తగిలించుకుని తిరిగేవాళ్ళు. తొక్కలతో పులియబెట్టే మొదటి దశకి మూత వదులుగా ఉండే ఫుడ్‌గ్రేడ్ ప్లాస్టిక్ బకెట్ వాడి, నురగ తగ్గాక రసాన్ని కార్‌బాయ్‌లోకి మార్చడం మంచిది. వైన్‌లోని గ్యాస్ తీయడానికి వాక్యూమ్ పంపు పెట్టేవాళ్ళూ ఉన్నారు. గీతలు పడ్డ సీసాకి అది పెడితే లోపలికి కూలిపోవచ్చు.

అయితే చేతులు తెగేది మాత్రం ఎక్కువగా మోసేటప్పుడే. తడి చేతుల్లోంచి సీసా జారుతుంది, ఎవరైనా అప్రయత్నంగా పట్టుకోబోతారు, అప్పటికే అది కత్తుల్లాంటి ముక్కలై ఉంటుంది. మణికట్టు దగ్గర నరాలు, స్నాయువులు చర్మానికి బాగా దగ్గర. జారితే వదిలేసి వెనక్కి దూకండి, వైన్ పోతే పోనీ. మెడకి తగిలించే ఇనప రింగు పిడి ఖాళీ సీసాకే. నిండు సీసాని దానితో ఎత్తితే బరువంతా మెడ, భుజం కలిసే చోట పడుతుంది. నిండుదాన్ని కదపకుండా, ముందే ఎత్తు మీద పెట్టి సైఫన్ గొట్టంతో దించుకోవడమే నా దృష్టిలో అసలైన జాగ్రత్త. తప్పదంటే అడుగున చుట్టి మోసే నైలాన్ పట్టీలు, లేదా పాల క్రేటు, ఇద్దరు మనుషులు. ఇంట్లో చెప్పులు విడిచి తిరిగే మన అలవాటు ఈ ఒక్క పనికీ పనికిరాదు, బూట్లు వేసుకోవాలి. ముక్క దిగబడితే పీకకండి. గాయం అంచుల్ని శుభ్రమైన గుడ్డతో నొక్కిపట్టి ఆసుపత్రికి వెళ్ళాలి.

సెకండ్‌హ్యాండ్ సీసా కొనేటప్పుడు ఒక సరదా పరీక్ష చేయొచ్చు. ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెర మీద తెల్లటి పేజీ తెరిచి, దానిముందు సీసా పెట్టి, పోలరైజ్డ్ చలువ కళ్ళద్దాల్లోంచి చూస్తూ కళ్ళద్దాల్ని తిప్పండి. తయారీలో సరిగ్గా చల్లారక లోపల బిగుసుకున్న ఒత్తిడి ఉంటే వెలుగు చారలు, ఎక్కువైతే రంగులు కనిపిస్తాయి. గీతలు ఇందులో తేలవు. వాటికి టార్చి ఏటవాలుగా వేసి, మెడ చుట్టూ, అడుగు అంచునా వేలిగోరుతో తడమాలి. గోరు తట్టుకుంటే బేరమాడొద్దు, వదిలేయండి.

ఇంత తలనొప్పి ఎందుకు, ప్లాస్టిక్ కొనుక్కోవచ్చుగా అంటే, కొన్ని నెలల్లో తాగేసే వైన్‌కి పెట్ (PET, నీళ్ళ బాటిళ్ళకి వాడే ప్లాస్టిక్) కార్‌బాయ్ హాయిగా సరిపోతుంది. తేలిక, పడినా ముక్కలవదు. దాని గోడల్లోంచి కొద్దికొద్దిగా ఆక్సిజన్ లోపలికి పోతుంది కనక, ఏడాది పైన నిలవుంచేదానికే గాజు లేదా స్టీలు కావాలి.