తోడు పెరుగు, గోంగూర పువ్వు

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాతయ్య దీవించి వ్రాయునది.

మీ మేడ మీద వాటాలో ఉండే కెమిస్ట్రీ ప్రొఫెసరు గారు ఆదివారం కూడా లాబ్‌కు వెళ్తున్నారనీ, “ఆయనకు పాఠమంతా వచ్చు కదా తాతయ్యా, ఇంకా అక్కడ ఏం చేస్తారు?” అనీ మొన్న ఫోనులో అడిగారు. అప్పుడు నాకు జవాబు తోచలేదు. నిన్న రాత్రి మీ నాయనమ్మ పాలు తోడుపెడుతుంటే తోచింది.

నా చిన్నతనంలో ఒకసారి మేమందరం పెళ్లికి వెళ్లి నాలుగు రోజులకు తిరిగి వచ్చేసరికి ఇంట్లో ఉన్న కాస్త పెరుగు బూజు పట్టింది. అమ్మ నా చేతికి చిన్న గిన్నె ఇచ్చి వెనకవీధి మామ్మగారింటికి తోడుకు పంపింది. ఆమె వేసినది చెంచాడు పెరుగే. నాకది చాలా తక్కువ అనిపించి, ఇంకొంచెం అడగాలో వద్దో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయాను. తెల్లవారి చూస్తే మా కుండ నిండా గడ్డపెరుగు ఉంది. చదువు కూడా అలాగే ఒకరి దగ్గర నుండి మరొకరికి చేరుతుంది. గురువు ఇచ్చేది తోడు, కొత్త పాలు మాత్రం ఎవరికి వారు తెచ్చుకోవాలి. ప్రొఫెసరు గారు ఆదివారం వెళ్లేది ఆ పాల కోసమే.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ రసాయన శాస్త్రవేత్త టి. ఆర్. శేషాద్రి గారు. ఆయన పుట్టుకతో తెలుగువారు కారు. 1900 ఫిబ్రవరి 3న కావేరి ఒడ్డున కుళిత్తలైలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బిమన్ బిహారీ డే గారి దగ్గర పరిశోధన మొదలుపెట్టి, 1927లో ఇంగ్లండు వెళ్లి, మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ అనే మహా రసాయన శాస్త్రవేత్త దగ్గర పని చేసి డాక్టరేటు పొందారు. ఆ తరువాత ఆస్ట్రియాలో ఫ్రిట్జ్ ప్రెగ్ల్ అనే మరో రసాయన శాస్త్రవేత్త దగ్గర, కొద్ది మిల్లీగ్రాముల పదార్థంతోనే అందులో ఏయే మూలకాలు ఎంతెంత ఉన్నాయో తేల్చే విద్య నేర్చుకున్నారు. చెంచాడు తోడు అన్నాను కదా, ఆయన విదేశాల నుండి తెచ్చుకున్నది అదే.

1933లో ఆయన వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర శాఖకు అధిపతిగా వచ్చారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు అప్పుడు అక్కడ వైస్ ఛాన్సలరు. విశ్వవిద్యాలయానికి అప్పటికి ఏడేళ్లే. ఖరీదైన పదార్థాల కోసం ఎదురుచూడకుండా శేషాద్రి గారు మన చేలలో పూసే పువ్వులను ఎంచుకున్నారు. పత్తి పువ్వు పసుపు రంగు దేని వలన వస్తుంది, గోంగూర పువ్వులో ఏముంది అని తన విద్యార్థులతో కలిసి వెతికారు. పూరేకులను ఎండబెట్టి, ఆల్కహాలులో మరిగించి, ఆ కషాయాన్ని చిక్కబరచి, కదపకుండా ఉంచి, అడుగున పేరుకున్న పసుపు పదార్థాన్ని మళ్లీ మళ్లీ శుద్ధి చేయాలి. బుట్టలకొద్దీ పువ్వుల నుండి చివరికి మిగిలేది చిటికెడు. ప్రెగ్ల్ దగ్గర నేర్చిన విద్య అక్కడ అక్కరకు వచ్చింది. అలా గోంగూర పువ్వులో ఉండే హైబిసెటిన్ అనే రంగు పదార్థం నిర్మాణం ఏమిటో తేల్చారు. మనం పచ్చడి చేసుకునే మొక్క పువ్వులో ఉన్న రంగు గుట్టు, వాల్తేరులో మన పిల్లల చేతుల మీదుగా, లోకంలోని రసాయన గ్రంథాలకు ఎక్కింది.

పాలు తోడుకునేటప్పుడు కుండ కదపకూడదని అమ్మ అనేది. 1942లో విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయింది, ఇన్నేళ్లు కూర్చుకున్న ప్రయోగశాలలు చేయి జారాయి. కుండను ఇంతకంటే ఎవరూ కదపలేరు. అయినా పాఠమూ ఆగలేదు, పువ్వుల మీద పరిశోధనా ఆగలేదు. ఆ రోజులను తలచుకున్నప్పుడల్లా నాకు చేతులు జోడించాలనిపిస్తుంది.

1949లో ఆయన ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1960లో లండను రాయల్ సొసైటీ ఆయనను సభ్యుడిగా ఎన్నుకుంది, 1963లో పద్మభూషణ్ వచ్చింది. వీటికంటే నేను ఎక్కువగా ఎంచేది, ఆయన దగ్గర 150 మందికి పైగా డాక్టరేటు పొందడం, వారిలో ఎందరో మళ్లీ అధ్యాపకులు కావడం. మామ్మగారి చెంచాడు పెరుగు ఊరంతా తోడుకున్నట్టే కదా!

నేను చదివిన కళాశాలలో ఒక అధ్యాపకుడు రంగు మారిన పాత నోట్సును పొల్లు పోకుండా చదివేవారు. అందులో తప్పేమీ ఉండేది కాదు, అయినా ఆ తరగతి నుండి నేను ఒక్క ప్రశ్నను కూడా ఇంటికి తీసుకువెళ్లిన గుర్తు లేదు. మరొకరు వేళ్ల మీద రసాయనాల మరకలతో వచ్చి, “నిన్న సాయంత్రం నా ప్రయోగం తప్పింది, ఎక్కడ తప్పిందో మీరూ చెప్పండి” అని బోర్డు మీద అంతా వ్రాసేవారు. పదిహేడేళ్ల కుర్రవాళ్లం, మేము చెప్పేది ఆయన నిజంగా వినేవారు. పాఠం చెప్పే మనిషి తానూ వెతుకుతూ ఉండాలని నాకు ఆయనను చూసే తెలిసింది. మీరు ఏ చదువు చదివినా అటువంటి గురువు ఉన్న చోటు వెతుక్కోండి.

ఒకే కుటుంబం మొక్కలైనా ఒక పువ్వుకు ఒక రంగు, మరొకదానికి మరొక రంగు ఎందుకని అడగబోతున్నారని నాకు తెలుసు. దాన్ని ఉత్తరంలో చెబితే చప్పగా ఉంటుంది. మన పెరట్లో గోంగూర ఈసారి కోయకుండా నాలుగు మొక్కలు వదిలేశాను, కార్తీకంలో పూస్తాయి. ఉదయాన్నే లేవాలి సుమా, మధ్యాహ్నానికల్లా ఆ పువ్వులు వాడిపోతాయి. లేత పసుపు రేకులు, లోపల ముదురు ఎరుపు మచ్చ. రెండు రేకులు తెల్లగుడ్డ మీద నలిపి, ఒక మరక మీద నిమ్మరసం చుక్క, రెండో మరక మీద వంటసోడా నీటి చుక్క వేయండి. ఏమవుతుందో నేను ముందే చెప్పను. చూసినది చూసినట్టు వ్రాసుకుని, ముందు మేడ మీది ప్రొఫెసరు గారికి చూపించి, తరువాత నాకు ఉత్తరం వ్రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య