శ్రీకూర్మం స్తంభం నుంచి తప్పెటగుళ్ళ దాకా

శ్రీకాకుళం దగ్గరి శ్రీకూర్మంలో, తాబేలు అవతారంలోని విష్ణువైన కూర్మనాథుడు పడమటి ముఖంగా ఉంటాడు. గుడికి రెండు ధ్వజస్తంభాలు. యాత్రికులు ఆ వింత చూసి, తాబేళ్ళకు ఇంత ఆకుకూర వేసి వెళ్ళిపోతారు. నల్లరాతి స్తంభాల మీది అక్షరాల జోలికి వెళ్ళేవాళ్ళు తక్కువ. ఉత్తరాంధ్రలో భక్తి ఎవరి అండతో వేళ్ళూనుకుందో తెలియాలంటే అక్కడే కాసేపు నిలబడాలి.

ఇది మొదట శివాలయమనీ, రామానుజుల రాకతో వైష్ణవక్షేత్రమైందనీ ఐతిహ్యం. దాని మాట ఎలా ఉన్నా, ముఖలింగంలో శివుణ్ణి కొలిచిన తూర్పు గాంగుల వంశంలోనే పుట్టిన అనంతవర్మ చోడగంగుడు 12వ శతాబ్దంలో పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకున్నాడు. రాజు మొగ్గిన వైపే దానాలూ మొగ్గాయి.

1281 నాటి సంస్కృత శాసనం ఒకటి నరహరి తీర్థులది. ఆయన మధ్వాచార్యుల శిష్యుడు, సన్యాసి. అయినా గాంగుల కొలువులో కళింగ పాలన చూసినవాడు. కూర్మనాథుడి ఎదుట యోగానంద నరసింహుడికి గుడి కట్టించిన సంగతి ఆ శాసనంలో ఉంది. గురువును కీర్తించిన నోటితోనే, శబరుల దాడి నుంచి క్షేత్రాన్ని కత్తితో కాపాడిన వైనాన్నీ చెబుతుంది. కాషాయం కట్టినవాడి చేతిలో కత్తి! శబరులన్న పేరు నేటి కొండ సవరల పేరులో ఇంకా వినిపిస్తుంది. వాళ్ళ వైపు కథను రాతి మీద చెక్కించిన రాజు మాత్రం లేడు.

1510లో దక్షిణయాత్రకు బయలుదేరిన బెంగాలీ కృష్ణభక్తుడు చైతన్యుడు ఇక్కడ ఆగాడు. వాసుదేవుడనే కుష్ఠురోగిని కౌగిలించుకున్నాడని ఆయన చరిత్ర చెబుతుంది. వెంట వస్తానన్న కూర్ముడనే గృహస్థును వారించి, ఇంట్లోనే ఉండి కనబడినవారికల్లా కృష్ణుడి మాట చెప్పమన్నాడట. శాసనంతో, దానంతో పనిలేని భక్తి అది.

అయితే ఆ కౌగిలి గుడి గడప దాకా రాలేదు. దళితులకు ఆలయ ప్రవేశం ఇక్కడ చట్టబద్ధమైన హక్కు అయింది 1947లో, మద్రాసు ప్రభుత్వం చేసిన చట్టంతో. అన్ని వందల ఏళ్ళ భజనలు చేయలేని పని అది. ఈ మాట చెప్పకుండా భక్తి ఉద్యమాలను పొగడడం నాకు చేతకాదు.

గుడి బయట మాత్రం కథ వేరు. బొబ్బిలి ప్రాంతంలోని అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు హరికథకు కొత్త రూపమిచ్చి, 1919లో విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడయ్యాడు. కాళ్ళకు గజ్జెలు, చేతిలో చిడతలు, మెడలో పూలదండ. పాట, పద్యం, నడుమ ఓ పిట్టకథ. అక్షరం రానివాళ్ళకూ పురాణం అందింది. తరవాతి తరాల్లో స్త్రీలూ చిడతలు పట్టారు.

పల్లెల్లోని యాదవులకు ఆ చిడతలు కూడా అక్కర్లేకపోయాయి. తప్పెటగుళ్ళు వాళ్ళ జానపద నృత్యం. ఆ ఆటగాడు రేకు తప్పెటను గుండె మీద కట్టుకుని రెండు చేతులా వాయిస్తాడు, ఎగురుతాడు, తోటివాడి భుజాల మీదికెక్కుతాడు. గంగమ్మ పాటల పక్కనే కృష్ణలీలలూ పాడతాడు. కృష్ణుణ్ణి అతనికి ఏ ఆచార్యుడూ పరిచయం చేయనక్కర్లేదు. పశువులు కాసి, వెన్న దొంగిలించి తల్లి చేత తన్నులు తిన్న తమ గొల్లపిల్లవాడే కదా.