"మళ్లీ వేడి చేశాం కదా, ఇంకేమవుతుంది?": బండి తిండి గురించి అపోహలు - వాస్తవాలు

రోడ్డు పక్కన బండ్లు పెట్టుకునే వాళ్లకు ఆహార భద్రత మీద శిక్షణ ఇవ్వడం నా పని. అంతకుముందు ల్యాబ్‌లో మైక్రోబయాలజిస్టుగా చేశాను. ఏ ఊళ్లో క్లాసు పెట్టినా ఒకే మాట వినిపిస్తుంది. బజ్జీల బండి వాళ్లు, ఫాస్ట్‌ఫుడ్ బండి వాళ్లు, ఆఖరికి తినేవాళ్లు కూడా అదే అంటారు: "అంత మంట మీద మళ్లీ వేడి చేస్తున్నాం కదండీ, ఇంకా ఏ క్రిమి బతుకుతుంది?" ఈ మాటను నమ్మి రాత్రంతా వాంతులతో అవస్థ పడినవాళ్లను చాలామందిని చూశాను. అందుకే ముందు దీని సంగతి తేల్చి, మిగతావి తర్వాత గబగబా చెప్పేస్తాను.

అపోహ: బాగా వేడి చేస్తే ఎలాంటి తిండైనా సేఫ్

వాస్తవం: వేడికి క్రిమి చస్తుంది. అది అప్పటికే తిండిలో వదిలిన కొన్ని రకాల విషం మాత్రం అలాగే ఉంటుంది.

అన్నం సంగతే చూద్దాం. బాసిల్లస్ సెరియస్ (Bacillus cereus) అనే బాక్టీరియా మట్టిలో ఉంటుంది. దాని స్పోర్లు, అంటే గట్టి పెంకుతో నిద్రాణంగా ఉండే విత్తనాల్లాంటివి, పొలం నుంచే బియ్యంతో పాటు వంటింట్లోకి వస్తాయి. బియ్యం ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా పోవు. ఎసట్లో ఉడికినా కొన్ని బతికే ఉంటాయి. వేడివేడిగా తినేస్తే వాటితో ఇబ్బంది లేదు. అన్నం వార్చి, పెద్ద గిన్నెలో మూతపెట్టి అలా వదిలేసినప్పుడే కథ మొదలవుతుంది. గోరువెచ్చటి అన్నంలో ఆ స్పోర్లు మొలకెత్తి బాక్టీరియాగా పెరుగుతాయి. ఆ బాక్టీరియాలో కొన్ని రకాలు సెరులైడ్ అనే విషాన్ని తయారు చేస్తాయి. ఇది 120 డిగ్రీల దగ్గర గంటకు పైగా ఉంచినా చెక్కుచెదరదు. ఇక మూకుట్లో రెండు మూడు నిమిషాలు తిరగేసిన అన్నంలో అది ఎక్కడికి పోతుంది?

5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య ఉన్నదంతా మాకు ప్రమాదపు జోన్. వండిన తిండి దాని కంటే వేడిగానైనా ఉండాలి, చల్లగానైనా ఉండాలి. మధ్యలో రెండు గంటలు దాటితే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఎండాకాలంలో మన ఊళ్లలో గది వేడే 35, 40 ఉంటుంది, ఇక బండి మీద, స్టవ్ పక్కన పెట్టిన గిన్నె సంగతి చెప్పేదేముంది?

విజయవాడలో ఒక ఫాస్ట్‌ఫుడ్ బండి ఉంది. యజమానిని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు, నేనూ అంతే. నెమలికంఠం రంగు చొక్కా, మెడలో ఎర్ర తువ్వాలు, రాత్రిపూట కూడా నల్ల కళ్లద్దాలు. ఆర్డరు చెప్పగానే గరిటెతో మూకుడు అంచు మీద దరువేస్తూ దాన్ని పాట కట్టి అసిస్టెంటుకు వినిపిస్తాడు. "అన్నకో డబుల్ ఎగ్గూ, చెల్లెమ్మకో సింగిల్ చికెనూ, కారం మాత్రం తగ్గేదే లేదూ" అంటూ గొంతెత్తితే అవతలి షాపుల వాళ్లు కూడా తొంగి చూస్తారు. మనిషి బంగారం. కాలేజీ పిల్లలు డబ్బులు తక్కువైతే "రేపివ్వండ్రా" అని పార్సిల్ చేతిలో పెట్టేస్తాడు. మూకుడు అద్దంలా తోముతాడు. కూరగాయలు ఎవరినీ ముట్టుకోనివ్వడు, తానే కోస్తాడు.

అంత శుభ్రమైన మనిషి బండి దగ్గర, రాత్రి ఎనిమిదింటికి, అన్నం గిన్నె మూత తీసి మధ్యలోకి థర్మామీటరు గుచ్చితే 38 చూపించింది.

"ఎప్పుడు వండావు బాబాయ్?"

"మధ్యాహ్నం రెండింటికే మేడమ్. నిన్నటిది కాదు, ఒట్టు."

నిజమే, నిన్నటిది కాదు. తెల్లగా, పలుకు పలుకుగా ఉంది. వాసన చూశాను, ఏ తేడా లేదు. జనం తెలుసుకోవాల్సింది ఇదే. ఈ విషానికి రంగు, రుచి, వాసన ఏమీ ఉండవు. "వాసన చూస్తే తెలిసిపోతుంది కదా" అనే మాట ఇక్కడ పనికిరాదు. పైగా అంత పెద్ద గిన్నెలో పై పొర చల్లారినట్టే కనిపిస్తుంది. మధ్యలో గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. బాక్టీరియాకు కావలసింది ఆ వెచ్చదనమే.

బాబాయ్‌కి కోపం రాలేదు. కళ్లద్దాలు తీసి, "మిగిలింది మా ఇంట్లోనే తింటాం మేడమ్, పిల్లలు కూడా" అన్నాడు. అన్నం పారేయడమంటే ఆయనకు మహాపాపం. అన్నం పరబ్రహ్మ స్వరూపం అని నమ్మే ఇంట్లో పుట్టిన దాన్ని, నాకూ ఆ బాధ తెలుసు. ఇలాంటి వాళ్ల మీద కేకలు వేసే ఇన్‌స్పెక్షన్లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆయనకు ఎవరూ చెప్పలేదు, అంతే.

వేడిగానే ఉంచొచ్చు కదా అంటే ఆయన చెప్పిన కారణం సరైనదే: "వేడన్నం మూకుట్లో వేస్తే ముద్దైపోతుంది, చల్లారితేనే పలుకు విడుస్తుంది." ఫ్రైడ్ రైస్‌కి చల్లారిన అన్నమే కావాలి. కాబట్టి దాన్ని త్వరగా చల్లార్చాలి, తర్వాత చల్లగానే ఉంచాలి. అన్నం వార్చగానే వెడల్పాటి స్టీలు ట్రేల్లో రెండంగుళాల కంటే మందం లేకుండా పరిచి ఫ్యాన్ కింద పెట్టించాను. ఆవిరి పోగానే మూతపెట్టి ఫ్రిజ్‌లోకి. సాయంత్రం బండికి తెచ్చేటప్పుడు చేపల వాళ్లు వాడే లాంటి థర్మోకోల్ పెట్టె, కొత్తది, కింద ఐసు, పైన మూత డబ్బాల్లో అన్నం. మూకుడు పక్కన మాత్రం అరగంటలో అయిపోయేంత చిన్న గిన్నె. గ్యాస్ ఖర్చు పెరగలేదు. ఫ్రిజ్‌లో చల్లబడ్డ అన్నం ఇంకా బాగా పలుకు విడుస్తోందని ఇప్పుడు ఆయనే మిగతా బండ్ల వాళ్లకు దరువేసి మరీ చెబుతున్నాడు.

ఇది చదువుతూ "మరి చద్దన్నం మాటేమిటి?" అని అడిగేవాళ్లుంటారు, క్లాసుల్లో ప్రతిసారీ అడుగుతారు. మజ్జిగ పోసి పులియబెట్టిన అన్నంలో లాక్టిక్ ఆమ్లం ఉంటుంది. బాగా పుల్లబడ్డ చోట ఈ బాక్టీరియా పెరగడం కష్టం. చింతపండు పులిహోర ప్రయాణాల్లో నిలవ ఉండటంలోనూ ఆ పులుపుదే పెద్ద పాత్ర. పులుపేమీ లేని వట్టి తెల్లన్నం గిన్నెలో రాత్రంతా ఉండటం వేరే విషయం. రాత్రి మిగిలిన అన్నాన్ని పొద్దున తాలింపు వేసుకునే ఇళ్లకు కూడా ఇదే చెబుతాను: రాత్రే ఫ్రిజ్‌లో పెట్టండి, పొద్దున నిశ్చింతగా తాలింపు వేసుకోండి.

అపోహ: నూనెలో వేగింది, ఆవిరి మీద ఉడికింది కదా, ప్లేటంతా సేఫే

వాస్తవం: బజ్జీ సేఫే. పక్కన వేసిన చట్నీ సంగతి చూసుకోండి.

మరిగే నూనెలోంచి అప్పుడే తీసిన మిరపకాయ బజ్జీ అంత భద్రమైన తిండి బండి మీద ఇంకోటి లేదు. దాని మీద చల్లే పచ్చి ఉల్లిపాయలు, పొద్దున రుబ్బిన కొబ్బరి చట్నీ, నీళ్లు కలిపి పలచన చేసిన పల్లీ చట్నీ మాత్రం మంట ముఖం చూడవు. పైన తాలింపు వేసినంత మాత్రాన చట్నీ ఉడికినట్టు కాదు. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయారు, చాలామంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ నెల 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను (మోమోల్లో నంజుకునే తెల్లటి సాస్) ఏడాది పాటు నిషేధించింది. నిషేధం ఉడికిన మోమో మీద కాదు, ఉడకని మయోనైజ్ మీద. ఈ తేడా అర్థమైతే నా పని సగం అయినట్టే.

చేతుల గురించి కూడా చెప్పాలి. వేలికి కత్తిగాటు, చీము పట్టిన పుండు ఉన్న మనిషి చట్నీ కలిపితే స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా అందులో చేరుతుంది. దాని విషం కూడా మరిగించినా పోయే రకం కాదు. పుండుకు కట్టు కట్టి, పైన గ్లౌజు వేసుకోవాలి, లేదంటే ఆ పూట డబ్బుల దగ్గర కూర్చోవాలి. చట్నీ గంటకోసారి కొద్దికొద్దిగా రుబ్బుకోవచ్చు. బొంబాయి చట్నీలా ఉడికించేదైతే వేడిగా ఉంచొచ్చు. కారప్పొడి పెడితే అసలు గొడవే లేదు.

మిగతావి త్వరగా.

"జనం ఎగబడే బండి శుభ్రమైన బండే." సగం నిజం. సరుకు త్వరగా అయిపోతుంది కాబట్టి నిలవ ఉండదు, అది మంచిదే. కానీ 2024లో మాదాపూర్‌లో కుమారి ఆంటీ బండి దగ్గర జనంతో ట్రాఫిక్ ఆగిపోయిందని రాష్ట్రమంతా చెప్పుకున్నప్పటి నుంచి ప్రతి ఊళ్లో బండ్ల చుట్టూ ఫోన్లు పట్టుకున్నవాళ్లు తయారయ్యారు. వీడియో వైరల్ అయిన మర్నాడు రెట్టింపు జనం వస్తారు. రెట్టింపు అన్నం ముందే వండి పెట్టుకోవాల్సి వస్తుంది. నాకు భయం వేసే రోజు అదే.

"అజినోమోటో విషం." కాదు. అంతర్జాతీయ ఆహార నిపుణుల కమిటీ 1987లోనే దీనికి రోజువారీ పరిమితి అంకె పెట్టాల్సిన అవసరం లేదని తేల్చింది. టమాటాలో సహజంగా ఉండే గ్లుటమేటే ఇది. దీని గురించి వాట్సాప్‌లో తిరిగే మెసేజీలకు జవాబు చెప్పే ఓపిక నాకు అయిపోయింది.

"ఎర్రగా ఉంటేనే మంచూరియా." ఆ ఎరుపు చాలాచోట్ల రంగు పొడిది. 2024 మార్చిలో కర్ణాటక గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులను నిషేధించింది. మిరపకాయ ఎరుపు గోధుమ రంగులోకి దిగుతుంది, అంతగా మెరవదు.

"నూనె నల్లబడితేనే పాడైనట్టు." రంగు ఒక్కటే కొలమానం కాదు. టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె మళ్లీ మళ్లీ కాగేకొద్దీ అందులో పేరుకునే పాడు పదార్థాలు) 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. దాన్ని కొలిచే మీటరు లేనివాళ్లు నురుగు, జిగురు, తక్కువ మంటకే పొగ రావడం చూసి పారబోయాలి. పాత నూనెలో కొత్త నూనె కలపకూడదు.

"పేపర్లో కట్టిస్తే ఏమవుతుంది?" వేడి నూనెకు సిరా కరిగి బజ్జీకి అంటుతుంది. అరిటాకు అడగండి.

"లైసెన్స్ బోర్డు ఉంది కదా." ఆ 14 అంకెల నంబరు ఉండాలి, తప్పదు. అయితే అది బండిని నమోదు చేశారని మాత్రమే చెబుతుంది. ఈ పూట చట్నీ ఎప్పుడు రుబ్బారో చెప్పదు.

ఇక రాత్రి పూట ఫోన్ చేసి "మా వాడు ఫ్రైడ్ రైస్ తిన్నాడు, వాంతులవుతున్నాయి, ఏం చేయమంటారు?" అని ఏడ్చే తల్లులకు. అమ్మా, ముందు కంగారు పడకండి. అన్నం విషం వల్ల వచ్చే వాంతులు సాధారణంగా తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు మొదలై, ఎక్కువమందికి ఒక రోజులో తగ్గిపోతాయి. ఆ రోజంతా ఒంట్లో నీరు తగ్గకుండా చూడటమే మీ పని. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలిపి చెంచాతో కొద్దికొద్దిగా పట్టించండి. షాపుల్లో ఓఆర్ఎస్ పేరుతో అమ్మిన తియ్యటి డ్రింకులు వద్దు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆ డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ మీ అంతట మీరు వేయకండి, ముందే తయారైపోయిన విషం మీద అది పనిచేయదు.

విరేచనంలో రక్తం పడినా, జ్వరం ఎక్కువగా ఉన్నా, గంటల తరబడి మూత్రం రాకపోయినా, మత్తుగా పడి ఉన్నా, కళ్లు పచ్చబడినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆసుపత్రికి వెళ్లండి. పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్ల విషయంలో ఇవి కనిపించేదాకా కూడా చూడొద్దు. వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, మొదటి వాంతి ఎన్నింటికి అయింది, పక్కన తిన్నవాళ్లలో ఇంకెవరికైనా అయిందా, ఈ నాలుగూ రాసి డాక్టరు చేతికివ్వండి. తిన్న గంటకే మొదలైతే ఒక రకం, మర్నాటికి జ్వరంతో మొదలైతే ఇంకో రకం. ప్లేట్లో దేనివల్ల వచ్చి ఉంటుందో మేము వెతకడం మొదలుపెట్టేది కూడా ఆ టైముల నుంచే.