సినమన్ రోల్స్: పిండి అంటుకుంటోందని మైదా పోయకండి

అపోహ: పిండి చేతికి అంటుకుంటోందంటే మైదా తక్కువైనట్టే.

నా బేకింగ్ క్లాసులకు వచ్చేవాళ్లు ఇంటికెళ్లి చేశాక పంపే ఫొటోల్లో సగం ఇవే: గిన్నెలో జారుడు పిండి, మణికట్టు దాకా అంటుకున్న చెయ్యి, కింద "మేడమ్, ఇంకో కప్పు మైదా వేసెయ్యనా?" అని ప్రశ్న. వద్దండీ. ఇంట్లో సినమన్ రోల్స్ (దాల్చినచెక్క పూత రాసి, చుట్టి కాల్చే తీపి బన్నులు) గట్టిగా, పొడిపొడిగా వచ్చేది ఎక్కువసార్లు ఈ అదనపు కప్పు వల్లే. తిట్లు మాత్రం ఈస్ట్‌కీ, ఓవెన్‌కీ పడతాయి.

మన చేతులకు అలవాటైంది చపాతీ పిండి. గిన్నె వదిలి ముద్దగా వస్తే కలిసినట్టు లెక్క. ఇది ఆ పిండి కాదు. 500 గ్రాముల మైదాకి 240 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు, 70 గ్రాముల చక్కెర, 75 గ్రాముల వెన్న పడ్డాక మొదటి అయిదు నిమిషాలూ అది అంటుకునే తీరాలి. చక్కెర నీటిని తన వైపు లాక్కుంటుంది, పిండిని సాగేలా చేసే ప్రొటీన్ అల్లిక, అదే గ్లూటెన్, దానికి వెన్న అడ్డం పడుతుంది, అందుకే సాగే గుణం ఆలస్యంగా వస్తుంది. వెన్న పక్కన పెట్టి మిగతావన్నీ కలిపి, ఒక ఇరవై నిమిషాలు మూత పెట్టి వదిలేయండి, మైదా పాలను పీల్చుకుంటుంది, సగం జిగురు అక్కడే పోతుంది. తర్వాత పది పన్నెండు నిమిషాలు గట్టు మీద లాగి, మడిచి, కొడుతూ పిసకండి, చివర్లో మెత్తటి వెన్న కొంచెం కొంచెంగా. చిన్న ముక్క తీసి రెండు చేతులతో సాగదీస్తే చిరగకుండా, వెనక వేలు లీలగా కనిపించేంత పల్చగా రావాలి. అప్పుడూ చేతికి కొద్దిగా తగులుతుంది, ఫర్వాలేదు. చేతికి కాస్త నూనె రాసుకోండి, మైదా డబ్బా జోలికి వెళ్లకండి.

కప్పుతో కొలవడం ఇంకో తంటా. చెంచాతో తేలిగ్గా నింపితే కప్పు మైదా 120 గ్రాములు, డబ్బాలో ముంచి నొక్కితే 150 దాకా వస్తుంది. నాలుగు కప్పులకు ఎంత తేడానో చూడండి. నిజామాబాద్ నుంచి ఒకావిడ, బ్యాంకు ఉద్యోగి, పాప పుట్టినరోజు ముందు రాత్రి వీడియో కాల్ చేశారు, గొంతులో ఏడుపొక్కటే తక్కువ. రోల్స్ పగలగొట్టాల్సినంత గట్టిగా వచ్చాయట. కప్పు ఎలా నింపారో చూపించమన్నాను. డబ్బాలో ముంచి, బొటనవేలితో అదిమి మరీ చూపించారు, పైగా పిసికేటప్పుడు "కొంచెం కొంచెంగా" చల్లిన మైదాకి లెక్కే లేదు. ఆ రాత్రే కూరగాయలు తూచే చిన్న కాటాతో కొలిచి మళ్లీ చేశారు, మెత్తగా వచ్చాయి. టెన్షన్‌లో చెయ్యి డబ్బా వైపు వెళ్తుంది, ఎవరికైనా. అందుకే డబ్బా మూత పెట్టి అల్మారాలో పెట్టేయమంటాను.

ఇక్కడ నిజం ఒకటుంది. అమెరికా రెసిపీల్లో బ్రెడ్ ఫ్లోర్ అని ఉంటుంది, అందులో ప్రొటీన్ ఎక్కువ, పాలు ఎక్కువ పీలుస్తుంది. మన మైదా అంత పీల్చదు. అలాంటి రెసిపీ అయితే మొదట్లోనే రెండు మూడు చెంచాల పాలు ఆపుకోండి, అవసరమైతే తర్వాత కలపండి.

మిగతావి గబగబా చెప్పేస్తా.

గంటసేపు పొంగాలని రాసి ఉంటే గడియారం పట్టుకు కూర్చోవద్దు. మే నెలలో మన వంటింట్లో ముప్పావుగంటకే రెట్టింపవుతుంది, డిసెంబర్‌లో రెండు గంటలైనా కాదు. చుట్టి ట్రేలో పెట్టాక వేలితో నొక్కితే గుంట నెమ్మదిగా, సగమే పైకి రావాలి, అప్పుడు ఓవెన్‌లోకి.

పాలు కాగుతూ పోస్తే ఈస్ట్ చచ్చిపోతుంది. పాలలో చిటికెన వేలు హాయిగా ఉంచగలిగితే చాలు.

దాల్చినచెక్క పొడి పిండిలోనే కలిపితే ఘుమఘుమలాడుతుందనుకుంటారు. అది ఎక్కువైతే ఈస్ట్ మందగిస్తుంది. మసాలా అంతా లోపలి పూతలోనే. పిండికి వాసన కావాలంటే యాలకులు దంచి వేయండి, స్వీడన్ వాళ్లు వేసేది అదే. పూతలో వెన్న కరిగించి పోస్తే బేక్ అయ్యేటప్పుడు అడుక్కి కారి మాడుతుంది, మెత్తటి వెన్న రాయండి.

అక్రోట్లే వేయాలనేం లేదు, జీడిపప్పు, బాదం బాగుంటాయి. ఏవైనా ముందు దోరగా వేయించి, పెసరగింజంత ముక్కలు చేయండి. పెద్ద పలుకులైతే చుట్టేటప్పుడు పిండి చిరుగుతుంది. అక్రోట్లు మరీ చేదుగా ఉంటే అవి పాతబడి ఉంటాయి, చక్కెర పెంచినా ఆ చేదు పోదు.

మైదా పేగులకు జిగురులా అంటుకుంటుందన్న ఫార్వర్డ్ నాకు పంపడం దయచేసి ఆపండి. పీచు తక్కువ, నిజమే, రోజూ తినేది కాదు. కానీ అది మామూలుగా అరిగే పిండిపదార్థమే.

గుడ్డు తినని ఇళ్లలో నాలుగు చెంచాల పెరుగు వేస్తే సరిపోతుంది.

మిగిలిన రోల్స్ ఫ్రిజ్‌లో పెడితే తాజాగా ఉంటాయనుకోకండి, ఇంకా త్వరగా గట్టిపడతాయి. మర్నాటికైతే మూత గట్టిగా ఉన్న డబ్బాలో బయటే, అంతకు మించి ఉంచాలంటే ఫ్రీజర్‌లో. తినే ముందు మైక్రోవేవ్‌లో ఇరవై సెకన్లు, పైన పోసే చక్కెర పూత, అదే ఐసింగ్, ఆ తర్వాతే.